ఇరవై రెండో వారం

ఏసుపాదం నెమ్మదస్తుడు, ఒకరి సొమ్ముకు ఆశపడే మనిషి కాదు. గుణదలలో ఎదురింటివాళ్ళు పెంకుటిల్లు పీకి డాబా వేసుకుంటే చూసి సంతోషించాడు. తోడల్లుడు కొత్త స్కూటరు కొంటే వెనకాల కూర్చుని బందరు రోడ్డంతా తిరిగొచ్చాడు.

మంచి నవల చదివిన రోజున మాత్రం అతనికి అన్నం సయించేది కాదు. "ఇది నేను రాసుంటే ఎంత బావుండేది" అని కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుండేవాడు. పొరుగువాడి ఇల్లూ ఎద్దూ గాడిదా ఆశించకూడదని బైబిల్లోని పదో ఆజ్ఞలో ఉంది గానీ పొరుగువాడి నవల మాట లేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు. వాడిదైన దేన్నీ ఆశించవద్దని చివర తగిలించిన ముక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం, గుడిలో అందరికన్నా తగ్గు గొంతుతో చదివేవాడు.

పుస్తకాలు కుట్టడం అతని పని. పగలు వన్ టౌన్‌లో ఒక బైండింగు షాపులో స్కూలు రిజిస్టర్లు, ప్లీడర్ల లా పుస్తకాలు కుట్టేవాడు. సాయంత్రాలూ ఆదివారం మధ్యాహ్నాలూ ఇంటి వసారాలో సొంత పని. డెబ్బైల్లో బెజవాడలో వారపత్రిక రాని వీధి లేదు, సీరియలు చదవని ఇల్లాలు లేదు. చదివి ఊరుకుంటే సరిపోయేదా? పిన్నుల దగ్గర పేజీలు జాగ్రత్తగా ఊడదీసి, పరుపు కిందో ట్రంకుపెట్టె అడుగునో దాచి, కథ ముగిశాక ఆ కట్ట పట్టుకుని ఏసుపాదం దగ్గరికి వచ్చేవాళ్ళు. అతను వాటిని వారాల వరసన పేర్చి, చిరుగులకు పల్చటి కాగితం అంటించి, దబ్బనంతో పొడిచి, దారంతో కుట్టి, అట్టవేసి, మైలుతుత్తం కలిపిన మైదా లైతో క్యాలికో గుడ్డ అతికించి, నవల చేసి ఇచ్చేవాడు. కుట్టేముందు మొత్తం చదివేవాడు. వారాలు తారుమారు కాకుండా చూసుకోవాలి కదండీ అనేవాడు. దానికి పైన వేసిన అంకెలు చూస్తే చాలని వాళ్ళకూ తెలుసు.

అందరి పుస్తకాలూ తెల్లదారంతోనే కుట్టేవాడు. నేను రాసుంటే బావుండేదని కడుపు మండిన నవలకు మాత్రం ఎర్రదారం. అట్టవేశాక దారం రంగు ఎవరికీ కనపడదు. ఆ రహస్యం తెలిసింది అతని భార్య మార్త ఒక్కదానికే, ఎందుకంటే సూదిలోకి దారం ఎక్కించేది ఆవిడే. నలభై దాటాక అతనికి దగ్గరచూపు ఆనడం లేదు. ఇరవై ఏళ్ళ పైచిలుకు పనిలో ఎర్రదారం పడ్డ పుస్తకాలు మొత్తం ఆరు.

అలాగని ప్రయత్నం చెయ్యనివాడు కాదు. పెళ్ళికి ముందు, ఇరవై నాలుగో ఏట, మంచి దళసరి కాగితం ఏరుకొచ్చి తన కోసం ఒక పుస్తకం కుట్టుకున్నాడు. రెండు వందల పేజీలు, వీపు మీద బంగారు గీత. మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలతో "ఒకటో ప్రకరణం" అని రాశాడు. ఆ తరవాత ఏమీ రాయలేదు. కలం పట్టుకుంటే చాలు, అంతవరకూ చదివిన నవలలన్నీ పెళ్ళిచూపుల పెద్దల్లా వచ్చి ఎదురుగా కూర్చునేవి. పెద్ద నవల రాయాలన్న ఆశ ముప్పయ్యో ఏటికల్లా చల్లారింది. చిన్న ఆశ ఒకటి మిగిలింది. ఎవరో ఒకరు, ఎవరైనా సరే, పారెయ్యబుద్ధి కాక దాచుకునేలాంటి ఒక్క పేజీ రాస్తే చాలు. ఆ ఒక్క పేజీ కూడా రాలేదు. పుస్తకం ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య పడి ఉంది.

మార్తకు చదువు రాదు, కథ లేకపోతే పొద్దుపోదు. ఆవిడ కాగితాలు మడుస్తూనో లై ఉడకేస్తూనో ఉంటే అతను ఆ వారం చదివింది చెప్పేవాడు. ఆవిడకు అడ్డు ప్రశ్నలెయ్యడం అలవాటు. హీరోయిను వానలో తడుచుకుంటూ ఇంటికొచ్చిందంటే, "తల తుడుచుకుందా? లేకపోతే జొరమొస్తదిగా" అనేది. తుడుచుకుందిలే అని ఒప్పుకుంటే గానీ కథ ముందుకు కదలనిచ్చేది కాదు.

డెబ్బై మూడులో "లాకుల దగ్గర ఇల్లు" అని ఒక సీరియలు మొదలైంది. రాసినవాళ్ళది ఆడపేరు. దాని వెనకున్నది ఆడమనిషో మీసాలున్న మగవాడో ఆ రోజుల్లో ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు గనక మనమూ రచయిత్రి అనే అందాం. కాలువ మీద లాకులు తీసే లస్కరుకు నీలవేణి అని ఒక కూతురు. తండ్రి మాట కాదని పడవ నడిపేవాణ్ణి చేసుకుని వెళ్ళిపోతుంది. అదీ కథ. ఏసుపాదం తండ్రి అబ్రహాము కూడా బందరు కాలువ మీద లస్కరుగా చేసినవాడే. అందుకని ఆ నవల అతనికి సొంతింటి కబురులా తోచింది. షాపు పక్కన మంగలి కొట్లో ఆ పత్రిక తెప్పించేవాళ్ళు. గడ్డం మాసినా మాయకపోయినా ప్రతి శుక్రవారం అక్కడికెళ్ళి నిలబడే చదివొచ్చేవాడు.

అందులో ఇరవై రెండో వారం అతన్ని పట్టుకుని వదల్లేదు. పెళ్ళయిన రెండేళ్ళకు నీలవేణి ఎక్కిన పడవ పుట్టింటి లాకుల దగ్గరికి వస్తుంది. దాన్ని దాటించాల్సింది తండ్రే. కింది నీళ్ళలోంచి పడవ లాకుల్లోకి వచ్చి ఆగింది, వెనక తలుపులు మూసుకున్నాయి. బయటికి రావడానికి మొహం చెల్లక నీలవేణి పడవ గూడు కిందే కూర్చుంది. గూడు అంచులోంచి ఆమెకు రాతిగోడ తప్ప ఏమీ కనపడలేదు. నీళ్ళు నిండేకొద్దీ పడవ లేచింది. ముందు గట్టు మీద తల్లి పాదాలు కనపడ్డాయి. తరవాత చీర కుచ్చెళ్ళు. తరవాత కొంగులో చుట్టుకున్న చేతులు. చిట్టచివరకు మొహం. పావుగంటలో నిండే లాకు ఆ రోజు అరగంటైనా నిండలేదు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క పడవను ఆలస్యం చేసి ఎరగని లస్కరు, కూతురి వైపు చూడకుండా అటు తిరిగి నిలబడి, లోపలికి నీళ్ళు వదిలే తూము తలుపును జానెడే ఎత్తి ఉంచాడు.

తెలుగులో ఇంతకంటే గొప్ప చోటు లేదని ఏసుపాదం తీర్మానం. సీరియలు అయిపోయాక కూడా మార్త నెలకోసారైనా "ఆ లాకుల కాడిది మళ్ళీ చెప్పు" అనేది. చెప్పిన ప్రతిసారీ అతనికి కడుపు మండేది. నాన్న లస్కరు, నేను లాకుల గట్టు మీదే పెరిగాను, ఇది నాకు తట్టాలి గానీ ఎక్కడో ఫ్యాను కింద కూర్చున్న ఆవిడకు ఎలా తట్టింది? ఉండబట్టలేక పత్రిక చిరునామాకు కార్డు రాశాడు. అమ్మా, తండ్రి తూము నిదానంగా ఎత్తిన చోట మీకు దణ్ణం పెట్టాలనిపించింది అని. నెల తిరక్కుండా జవాబొచ్చింది. "మీ అభిమానానికి కృతజ్ఞతలు. ఆ ఘట్టం రాసేటప్పుడు నేనూ కంటతడి పెట్టాను" అని రెండే ముక్కలు. ఆ కార్డుకు ఫ్రేము కట్టించి వసారాలో మరియమాత పటం పక్కన తగిలించాడు.

డెబ్బై అయిదు వేసవిలో రెండు వీధుల అవతల ఉండే హైమవతి టీచరు ఆ నవల కట్ట పట్టుకొచ్చింది. అంతకుముందు ఎవరూ దాన్ని బైండుకు తేలేదు. ఏసుపాదం చేతులు తుడుచుకుని మరీ అందుకున్నాడు, అక్కడికక్కడే ఇరవై రెండో వారం కోసం తిరగేశాడు. మొహం మాడిపోయింది.

"ఇరవై ఒకటి తరవాత ఇరవై మూడుందండీ టీచరుగారూ."

"అవునండీ. పక్కింటి వెంకటరత్నమ్మగారు చదివిస్తానని పట్టుకెళ్ళారు, ఆ వారం అటే పోయింది. అడిగితే ఎప్పుడో ఇచ్చేశానంటారు. ఆవిడతో దెబ్బలాడలేను, పొద్దున లేస్తే మొహమొహాలు చూసుకోవాలి. పోనీ అలాగే కుట్టెయ్యండి."

"అట్టా ఎట్టా కుడతానండీ? నవల మొత్తానికి ప్రాణం అందులోనే ఉంది."

పాత పత్రికలమ్మే వాళ్ళ దగ్గర రెండు వారాలు వెతికాడు. దొరకలేదు. నవల ఇంకా పుస్తకంగా అచ్చు కాలేదు. చివరికి తనే టీచరు ఇంటికి వెళ్ళి చెప్పాడు. "నేను రాసిపెడతానండీ. నాకది మాటమాటా నోటికొచ్చు. ఆవిడ రాసిన మాట తప్ప నాది ఒక్క అక్షరం ఉంటే ఒట్టు."

ఇంటికొచ్చి ట్రంకుపెట్టెలోంచి తన పుస్తకం తీశాడు. "ఒకటో ప్రకరణం" ఉన్న ఆకు వదిలేసి, తరవాతి నాలుగు ఆకులు బ్లేడుతో కోశాడు. ఎవరిదైతేనేం, ఆ కాగితం మీద నవలంటూ పడుతోంది కదా అనుకున్నాడు. రెండు ఆదివారాలు కూర్చున్నాడు. కలం ఎక్కడా ఆగలేదు. ఇరవై ఏళ్ళు మొరాయించిన చెయ్యి పరాయి మాటలనేసరికి ఎంత సులువుగా నడిచిందో చూసి అతనికి నవ్వొచ్చింది, ఆ వెంటనే దుఃఖమూ వచ్చింది. సొంతంగా ఒక్క పేజీ రాయలేనివాణ్ణి, ఎత్తిరాసే కూలికి మాత్రం పనికొస్తాను అనుకున్నాడు. ఆ నాలుగు ఆకుల్నీ ఇరవై ఒకటికీ ఇరవై మూడుకీ నడుమ పెట్టి పుస్తకం ఎర్రదారంతో కుట్టాడు. అది ఏడోది.

రెండేళ్ళు గడిచాయి. ఒక ఆదివారం ఏసుపాదం వాళ్ళు గుడి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక హైమవతి వచ్చింది. చేతిలో ఆ పుస్తకమూ, దాని మీద నూనె మరకలు పడ్డ పత్రిక కాగితాలూ ఉన్నాయి.

"వెంకటరత్నమ్మగారు ఇల్లు మారుతున్నారండీ. వంటింటి అలమర్లు దులుపుతుంటే చింతపండు జాడీ కింద దొరికాయి. నాలుగేళ్ళ నించి అక్కడే పరిచి ఉన్నాయిట. ఇరవై రెండో వారం."

ఏసుపాదం మొహం వెలిగిపోయింది. "బాగా దొరికిందండీ! ఇయ్యండి, కుట్టేస్తాను. నా కోడిగీతలు పీకి పారేద్దాం."

"ముందు చదవండి" అంది హైమవతి. ఆవిడ మొహంలో ఏముందో అతనికి అర్థం కాలేదు.

కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మొదట్లో అంతా తాసిల్దారు జీపూ, ఊరి తగాదా. ఆ గొడవ తనూ రాశాడు, కాకపోతే కుదించి రాశాడు. ఆరో పేజీలో లాకులు వచ్చాయి. "తండ్రి పడవను చూశాడు. లాకులు తియ్యమని నౌకరుకు చెప్పి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. పడవ లాకులు దాటింది. నీలవేణి వెనక్కి తిరిగి చూడలేదు." ఆ కిందే చుక్కలు పెట్టి మళ్ళీ తాసిల్దారు.

కాగితం తిప్పి చూశాడు. పైనున్న అంకె చూశాడు. ఇరవై రెండే. ఆకు ఏమైనా జారిపోయిందేమోనని పేజీల నంబర్లు లెక్కచూశాడు. అన్నీ ఉన్నాయి.

"తల్లేదండీ?" అన్నాడు.

"లేదు."

"తూము తలుపు?"

"అదీ లేదండీ."

ఏసుపాదానికి ముందు ఒళ్ళు మండింది. "ఇదేంటండీ, ఇంత చోటు చేతిలో పెట్టుకుని నాలుగు వాక్యాల్లో దాటించేసిందేంటి ఈవిడ!" అన్నాడు పెద్దగా. అన్నాక తను వేసిన ఒట్టు గుర్తొచ్చింది. చెవులు వేడెక్కాయి. ఒక్క అక్షరం నాది కాదన్నాడు. నమ్మి పుస్తకం చేతిలో పెట్టిన మనిషికి పరాయివాళ్ళ నవల్లో తన సొంత సరుకు కలిపి కుట్టిచ్చాడు. అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటి ఉంది. నాలుగేళ్ళుగా అతను దణ్ణం పెట్టుకున్న చోటు ఆ నవల్లో అసలు లేదు. ఇంట్లో మనిషి పోయినట్టుంది అతనికి.

"తప్పయిపోయిందండీ టీచరుగారూ. కావాలని చేసింది కాదు. నాకు నిజంగా అట్టాగే గుర్తుంది. పుస్తకం ఇయ్యండి, నాది తీసేసి ఇది కుడతాను."

"కుట్టండి. ఆవిడ పుస్తకంలో ఆవిడ రాసిందే ఉండాలి."

టీచరు గనక న్యాయమే చెప్పింది. ఏసుపాదం తలొంచుకున్నాడు. "ఆ కాగితాలు పొయ్యిలో పెట్టేస్తానండీ" అన్నాడు.

"మీకేమన్నా మతి పోయిందా? వాటిని విడిగా బైండు చేసి నాకివ్వండి."

"ఎందుకండీ?"

"ఎందుకేంటండీ, దాచుకోడానికి" అంది హైమవతి, చెప్పులు వేసుకుంటూ. మళ్ళీ ఆదివారం వస్తానని చెప్పి వెళ్ళింది.

ఆ మాట చెవిన పడ్డా అతని లోపలికి వెంటనే దిగలేదు. చాప మీద కూర్చుని పుస్తకం అట్ట ఊడదీశాడు. ఎర్రదారం ముడులు కోశాడు. తన నాలుగు ఆకులూ బయటికి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మార్త గిన్నెలో లై కలుపుకుంటూ వచ్చింది.

"ఏవయ్యా, ఏం గొడవ? టీచరమ్మ కోప్పడిందా?"

"ఆ లాకుల కాడిది పుస్తకంలో లేదే మార్తా."

"ఎందుకుంటది? నువ్వు మొదట చెప్పినప్పుడూ లేదుగా" అంది మార్త, గరిటె ఆపకుండానే.

"ఆఁ?"

"పడవ దాటిపోయింది, అయిపోయిందన్నావు. కూతురొచ్చిందని తెలిసీ తల్లి గట్టుకు రాదా అని నేనడిగితే, వచ్చిందిలే అన్నావు. మొహం చూసిందా అంటే, పాదాల కాణ్ణించి మొదలెట్టావు. మరి తండ్రేం చేశాడయ్యా అంటే నాలుగు రోజులు పలకలేదు. ఓ పొద్దున పళ్ళు తోముకుంటా తోముకుంటా చెప్పావు. చదివింది గుర్తు తెచ్చుకుంటున్నావనుకున్నా."

ఏసుపాదం కళ్ళజోడు తీసేశాడు. పదకొండో ఏట బందరు మిషను హాస్టలు నుంచి మొదటిసారి సెలవులకొచ్చిన రోజు గుర్తొచ్చింది. పడవ గూడు కింద, బియ్యం బస్తాల పక్కన కూర్చున్నాడు. రాతిగోడ, గోడ అంచున అమ్మ పాదాలు. వేళ్ళ సందుల్లో కాలువ బురద ఎండిపోయి ఉంది. ఎప్పటినించి అక్కడ నిలబడి ఉందో. నాన్న మాత్రం ఎప్పటిలాగే తూము గబగబా ఎత్తేశాడు. కొడుకొచ్చాడని పని నిదానం చేసే మనిషి కాదు. నిదానంగా ఎత్తింది ఈ నాలుగు ఆకుల్లోనే.

తలెత్తి చూస్తే ఎదురుగా ఫ్రేములో కార్డు కనపడింది. ఆ ఘట్టం రాసేటప్పుడు నేనూ కంటతడి పెట్టాను. ఏసుపాదం నవ్వడం మొదలెట్టాడు. ఎంత ఆపుకున్నా ఆగలేదు. పాపం ఒకేసారి ఎన్ని సీరియళ్ళు రాస్తోందో, ఏ వారం ఏం రాసిందో ఆవిడకు మాత్రం ఏం గుర్తుంటుంది? సంగతి చెబితే మార్త కూడా గిన్నె పక్కన పెట్టి నవ్వింది. కార్డు మాత్రం తియ్యలేదు. రాని ఏడుపైనా మర్యాద కోసం ఏడ్చిన మనిషి అన్నాడు.

ముందు నవల కుట్టాడు. చింతపండు వాసనేస్తున్న ఇరవై రెండో వారాన్ని దాని చోట్లో పెట్టి, మళ్ళీ ఎర్రదారంతోనే కుట్టాడు. ఒక్క వారం అలా పోయినా మిగతా నవల నవలే, కడుపు మంటలో అబద్ధం ఆడకూడదు. తరవాత తన నాలుగు ఆకుల్నీ అంచులు సమంగా తట్టి, కింద పలక పెట్టి, దబ్బనంతో మూడు చోట్ల పొడిచాడు. నాలుగు ఆకుల పుస్తకం, అరచేతిలో బరువే తెలియడం లేదు. దాచుకోడానికి అన్న మాట అప్పుడు దిగింది అతని లోపలికి. దబ్బనం కింద పెట్టి, పంచె అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

మార్త అడక్కుండానే ఎర్రదారానికి మైనం పట్టించి సూదిలోకి ఎక్కించి ఉంచింది. సూది అందించింది.

"ఎర్రది వద్దు. తెల్లది ఎక్కించు."

"అదేందయ్యా? అన్నిట్లోకీ నీకిష్టమైంది ఇదేగా? ఎన్నిసార్లు చెప్పావు, ఎన్నిసార్లు కడుపు మండింది?"

"నేను రాసుంటే బావుండు అనుకున్నవాటికి కదే ఎర్రదారం."

"మరి?"

"మరేముంది. ఇది మనం రాసిందేగా."

మార్త సూదిలోంచి ఎర్రదారం లాగేసి, తెల్లదారం కొస పెదాల మీద తడి చేసుకుని ఎక్కించి ఇచ్చింది.